కొత్త డిస్క్ పెట్టి ఆన్ చేస్తే ప్రాక్స్‌మాక్స్ నెట్‌వర్క్ మొత్తం పోయింది, పొద్దున ఏడింటికి సెంటర్ తెరవాలి

హన్మకొండ_బైట్
ఆదివారం, రాత్రి 9:42

అన్నలూ, జర అర్జెంట్. హన్మకొండలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి కంప్యూటర్ల పని చూస్తుంటాను, జీతం మీద కాదు, పిలిచినప్పుడు పోయి చేసి వస్తాను. అక్కడ ఒక టవర్ సర్వర్ మీద ప్రాక్స్‌మాక్స్ 8 ఉంది, ఒకే మెషీన్‌లో చాలా కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్. దాంట్లో మూడు వీఎంలు (వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లు): రిపోర్టుల సాఫ్ట్‌వేర్ నడిచే విండోస్ ఒకటి, ఫైల్ షేరింగ్‌కి ఒకటి, బ్యాకప్‌కి ఒకటి. ఏడాదిన్నర నుంచి దాని మొహం చూసే పని పడలేదు. జాగా అయిపోతోందని ఈరోజు సెలవు చూసుకుని ఒక ఎన్‌వీఎంఈ డిస్క్ కొనుక్కొచ్చి బోర్డు మీద ఖాళీగా ఉన్న స్లాట్‌లో పెట్టాను. అంతే. మూత బిగించి ఆన్ చేస్తే సర్వర్ మామూలుగానే లేచింది కానీ బ్రౌజర్‌లో ప్రాక్స్‌మాక్స్‌ని నడిపే 8006 పేజీ రావట్లేదు, పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే కమాండ్) లేదు, రిసెప్షన్ కంప్యూటర్‌లో రిపోర్టుల సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదు. సర్వర్ వెనక నెట్‌వర్క్ పోర్ట్ దగ్గర లైటు కూడా వెలగట్లేదు. కేబుల్ మార్చాను, స్విచ్‌లో పోర్ట్ మార్చాను, రౌటర్ ఆపి ఆన్ చేశాను.

డిస్క్ తప్ప నేనేమీ ముట్టుకోలేదు. పొద్దున ఏడింటికల్లా షుగర్ పరీక్షకి పరగడుపున వచ్చి కూర్చుంటారు జనం. డిస్క్ పెట్టేటప్పుడు పోర్ట్ కాలిపోయిందేమో అని భయంగా ఉంది.

జమ్మికుంట_జుగాడ్
ఆదివారం, రాత్రి 9:50

భయ్యా, నాకు ఒకసారి ఇట్లనే అయితే మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన, అరగంటలో అయిపోయింది. బ్యాకప్ ఉంది కదా?

కాజీపేట_కేబుల్
ఆదివారం, రాత్రి 9:53

ఇన్‌స్టాల్ మాట ఎత్తకండి. ఆ బ్యాకప్ వీఎం కూడా అదే సర్వర్‌లో ఉందని ఆయన పైనే రాశాడు, చదవలేదా. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే బ్యాకప్ కూడా దాంతోపాటే పోతుంది.

బైట్ గారూ, సర్వర్‌కి మానిటర్, కీబోర్డ్ తగిలించండి. రూట్‌గా లాగిన్ అయి మూడే చూడండి, ఏమీ మార్చొద్దు. ఒకటి, "ఐపీ ఏ" కొడితే ఏమేం పేర్లు వస్తున్నాయి, ఏది అప్, ఏది డౌన్. రెండు, రౌటర్‌కి పింగ్ కొడితే వచ్చే మాట, ఉన్నది ఉన్నట్టు. మూడు, ఈటీసీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో ఏముంది.

పింగ్ చెప్పే మాట ఎందుకు అడుగుతున్నానంటే "పోయింది" అనేది నాలుగైదు రకాలు. "నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్" అంటే ఎటు పోవాలో సర్వర్‌కే దారి తెలియదు, రూట్ లేదు. "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని మీ సొంత ఐపీ నుంచే వస్తే దారి తెలుసు, కానీ ఆ వీధిలో "రౌటర్ ఎవరు" అని అరిస్తే ఎవరూ పలకట్లేదు. "నేమ్ రిజల్యూషన్" అని ఏడిస్తే డీఎన్ఎస్ (పేరుని ఐపీగా మార్చేది) సంగతి, నెట్‌వర్క్ బాగానే ఉండొచ్చు. ఏ మాటా రాకుండా ఊరికే ఆగిపోతే అప్పుడు ఫైర్‌వాల్ మీద అనుమానపడాలి.

హన్మకొండ_బైట్
ఆదివారం, రాత్రి 10:21

లేట్ అయింది అన్నా, మానిటర్ దొరకలేదు. సర్వర్‌కి హెచ్‌డీఎంఐ తప్ప ఏదీ లేదు, ఇక్కడ ఉన్న మానిటర్లన్నీ పాత వీజీఏవి. చివరికి రిసెప్షన్‌లో టోకెన్ నంబర్లు చూపించే టీవీని గోడ మీంచి దించి తగిలించాను. వాచ్‌మన్ నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నాడు.

ఫోన్‌లోంచి కొడుతున్నాను కాబట్టి తెర మీద కనపడ్డది చదివినట్టే తెలుగులో రాస్తున్నా, ఏమనుకోవద్దు.

ఐపీ ఏ కొడితే: ఎల్ఓ ఉంది. తర్వాత ఈఎన్‌పీ4ఎస్0, పక్కన డౌన్ అని ఉంది, ఐపీ లేదు. తర్వాత వీఎంబీఆర్0, అది మాత్రం అప్, 192.168.1.10 బటే 24 అని మన పాత ఐపీనే ఉంది. కింద ట్యాప్100ఐ0 లాంటివి మూడు.

పింగ్: "ఫ్రమ్ 192.168.1.10 డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్".

ఇంకో వింత. విండోస్ వీఎంకి 192.168.1.21, ఫైల్ షేరింగ్‌కి 22. సర్వర్ మీద నుంచి రెండూ పింగ్ అవుతున్నాయి! లోపల అందరూ మాట్లాడుకుంటున్నారు, బయటికే గడప దాటట్లేదు.

సిస్టమ్_తాత
ఆదివారం, రాత్రి 10:29

తమ్మీ, పోర్ట్ కాలలేదు, ఏమీ కాలేదు. ఇంటర్‌ఫేసెస్ ఫైల్ తెరువు. వీఎంబీఆర్0 (బ్రిడ్జ్, అంటే వీఎంలనీ బయటి కేబుల్‌నీ కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) కింద "బ్రిడ్జ్ పోర్ట్స్" అని ఒక లైను ఉంటది. దాని పక్కన ఏ పేరు ఉందో చూసి చెప్పు. ఈఎన్‌పీ3ఎస్0 అని ఉంటది, నాకు తెలుసు.

హన్మకొండ_బైట్
ఆదివారం, రాత్రి 10:33

తాతా మీకెట్ల తెలుసు!! ఈఎన్‌పీ3ఎస్0 అనే ఉంది. పైన మాత్రం 4 కనపడుతోంది. నేను దాన్ని అసలు గమనించలేదు.

సిస్టమ్_తాత
ఆదివారం, రాత్రి 10:47

నాకు అతీంద్రియ శక్తులేం లేవు, ఇదే తప్పు నేను రెండుసార్లు చేసిన, రెండోసారి సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

ఆ పేరు ఎట్ల వస్తదో చూడు. ఈఎన్ అంటే ఈథర్‌నెట్. పీ3 అంటే పీసీఐ బస్ (బోర్డు మీద కార్డులు కూర్చునే దారి) నంబర్ 3. ఎస్0 అంటే ఆ బస్ మీద స్లాట్ 0. అంటే అది కార్డు పేరు కాదు, కార్డు ఉన్న ఇంటి నంబర్. పాత రోజుల్లో ఈటీహెచ్0, ఈటీహెచ్1 అని ఉండేవి, కానీ కర్నల్‌కి (లినక్స్ గుండెకాయ) ఏ కార్డు ముందు కనపడితే దానికి 0 ఇచ్చేది కాబట్టి రెండు కార్డులున్న మెషీన్లలో ఒక్కోసారి పేర్లు తారుమారయ్యేవి. అది పోగొట్టడానికే ఈ ఇంటి నంబర్ల పద్ధతి తెచ్చారు. ఎవరూ ఇల్లు కట్టనంతవరకు బాగానే ఉంటది. నువ్వు ఎన్‌వీఎంఈ పెట్టినవ్, అది కూడా పీసీఐ మీదనే కూర్చుంటది, లెక్కపెట్టేటప్పుడు అది ముందు వచ్చింది, దానికి ఒక నంబర్ పోయింది, నెట్‌వర్క్ కార్డు ఒక ఇల్లు పక్కకి జరిగింది. గ్రాఫిక్స్ కార్డు పెట్టినా తీసినా ఇదే కథ.

ఇగ ఫైల్‌లో ఏమో ఇంకా 3 అనే రాసి ఉంది. సర్వర్ లేచినప్పుడు బ్రిడ్జ్‌ని తయారు చేసింది, దానికి ఐపీ ఇచ్చింది, వీఎంల ట్యాపులు (వాటి వైపు కేబుళ్ల లాంటివి) తగిలించింది, బయటి కేబుల్ తగిలించబోతే ఆ పేరుతో ఎవరూ లేరు. అందుకే లోపల పింగులు నడుస్తున్నయ్, బయటికి లేవు. కొత్త పేరు ఉన్న కార్డుని ఎవరూ లేపలేదు కాబట్టి అది డౌన్. లైటు వెలగకపోవడానికి కారణం కూడా అదే, కాలిపోయి కాదు.

"డీమెసెజ్" కొట్టి అందులో "రీనేమ్డ్" అనే మాట వెతుకు, ఈటీహెచ్0 నుంచి ఈఎన్‌పీ4ఎస్0 అయిందని సాక్ష్యం అక్కడనే ఉంటది.

కాజీపేట_కేబుల్
ఆదివారం, రాత్రి 10:52

తాత చెప్పినదానికి ఒక్క మాట. పోర్ట్ బతికుందా లేదా అని ఈటీహెచ్‌టూల్ అనే కమాండ్‌తో చూసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఇంటర్‌ఫేస్ డౌన్‌లో ఉండగా చూస్తే "లింక్ డిటెక్టెడ్: నో" అనే వస్తుంది, కేబుల్ బంగారంలా ఉన్నా సరే. ముందు "ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ4ఎస్0 అప్" కొట్టండి, రెండు మూడు సెకన్లు ఆగి అప్పుడు చూడండి. ఎస్ అని వస్తే కేబుల్, స్విచ్, కార్డు మూడూ సరిగ్గా ఉన్నట్టే.

తర్వాత ఫైల్‌లో 3 ఉన్న ప్రతిచోటా 4 చేయండి. ఒక్క బ్రిడ్జ్ లైనులోనే కాదు, పైన "ఐఫేస్ ఈఎన్‌పీ3ఎస్0 ఐనెట్ మాన్యువల్" అని ఇంకో లైను ఉంటుంది, అది కూడా. మార్చేముందు ఆ ఫైల్‌కి ఒక కాపీ. తర్వాత "ఐఎఫ్‌రీలోడ్ డ్యాష్ ఏ" కొడితే మార్చింది అమల్లోకి వస్తుంది.

హన్మకొండ_బైట్
ఆదివారం, రాత్రి 11:09

లింక్ అప్ చేస్తే లైటు వెలిగింది!! ప్రాణం లేచొచ్చింది. రెండు చోట్లా 4 చేశాను, ఐఎఫ్‌రీలోడ్ కొట్టాను, ఎర్రర్ లేదు.

కానీ పింగ్ ఇప్పటికీ అదే మాట. కాకపోతే ఈసారి "ఫ్రమ్ 192.168.1.11" అంటోంది.

కాజీపేట_కేబుల్
ఆదివారం, రాత్రి 11:11

11 ఎక్కడిది? మీ ఐపీ 10 కదా.

హన్మకొండ_బైట్
ఆదివారం, రాత్రి 11:18

అన్నా ఒకటి చెప్పాలి. మానిటర్ దొరికిన తర్వాత, మీ జవాబు వచ్చే గ్యాప్‌లో, పోర్ట్ కాలిపోయిందనుకుని బ్యాగులో ఉన్న యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ పెట్టి, ఫైల్‌లో వీఎంబీఆర్1 అని ఇంకోటి రాసి, 192.168.1.11 ఇచ్చి, గేట్‌వే (బయటికి పోయే దారి, అంటే రౌటర్ ఐపీ) కూడా రాశాను. అదీ పని చేయలేదు. అడాప్టర్ పీకేశాను, ఫైల్‌లో రాసింది తీయడం మర్చిపోయాను.

సిస్టమ్_తాత
ఆదివారం, రాత్రి 11:20

"డిస్క్ తప్ప ఏమీ ముట్టుకోలేదు."

ఈ కంప్యూటర్ల లోకంలో ఈ మాట అనని మనిషిని నేను చూడలేదు, నాతో సహా.

కాజీపేట_కేబుల్
ఆదివారం, రాత్రి 11:26

పర్లేదు, మొదటి తప్పు దిద్దేశారు కాబట్టే రెండోది బయటపడింది. "ఐపీ రూట్" కొట్టండి. 192.168.1.0 కి రెండు లైన్లు కనపడతాయి, ఒకటి వీఎంబీఆర్0 మీద, ఇంకోటి వీఎంబీఆర్1 మీద, రెండోదాని చివర "లింక్‌డౌన్" అని కూడా ఉండొచ్చు. తెగిపోయిన దారి అని లినక్స్‌కి తెలుసు, తెలిసినా మామూలు సెట్టింగ్‌లో దాన్ని పక్కన పెట్టదు. ఒకే నెట్‌వర్క్‌కి రెండు దారులు రాస్తే ఏది ఎంచుకుంటుందో ఊహించొద్దు, దాన్నే అడగండి: "ఐపీ రూట్ గెట్ 192.168.1.1". ఏ బ్రిడ్జ్ నుంచి పోతుందో, ఏ ఐపీ వేసుకుని పోతుందో చెప్పేస్తుంది. చాలామంది రూట్ టేబుల్ చూసి తలగోక్కుంటారు, ఈ గెట్ ఒక్కటి అలవాటు చేసుకుంటే సగం గోల తగ్గుతుంది.

వీఎంబీఆర్1 ముక్క మొత్తం తీసేసి మళ్లీ ఐఎఫ్‌రీలోడ్. డీఫాల్ట్ గేట్‌వే సర్వర్ మొత్తానికి ఒక్కటే ఉండాలి. వెబ్ పేజీలో చేస్తే రెండోది రాయనివ్వదు, ఆల్రెడీ ఉందని ఆపేస్తుంది. ఫైల్‌లో చేత్తో రాస్తే ఆపేవాడు ఉండడు.

హన్మకొండ_బైట్
ఆదివారం, రాత్రి 11:34

వచ్చిందిిిి. పింగ్ వచ్చింది. 8006 పేజీ వచ్చింది. రిసెప్షన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. తాతా, అన్నా, మీ కాళ్లు మొక్కుతా.

సిస్టమ్_తాత
ఆదివారం, రాత్రి 11:37

మొక్కులు తర్వాత. ఒకసారి రీబూట్ చేసి చూసి అప్పుడు ఇంటికి పో. ఇప్పుడు నడుస్తున్నది నీ చేతుల మీద నడుస్తున్నది, పొద్దున కరెంటు పోయి వచ్చినా నడవాలె కదా.

హన్మకొండ_బైట్
ఆదివారం, రాత్రి 11:52

తాతా కొంప మునిగింది. రీబూట్ చేశాను. పింగ్ ఉంది. 8006 పేజీ రావట్లేదు. వీఎంలు లేవలేదు. ఈటీసీ కింద పీవీఈ ఫోల్డర్‌లోకి పోయి చూస్తే ఖాళీ. మూడు వీఎంలు, వాటి కాన్ఫిగ్ ఫైళ్లు, ఒక్కటి కూడా లేదు. ఏడాదిన్నర రిపోర్టులు అందులోనే ఉన్నాయి. నాకు చేతులు వణుకుతున్నాయి.

జమ్మికుంట_జుగాడ్
ఆదివారం, రాత్రి 11:54

అరే. కొత్త డిస్క్ తీసి చూడు భయ్యా?

కాజీపేట_కేబుల్
ఆదివారం, రాత్రి 11:55

ఏదీ తీయొద్దు, ఏదీ పెట్టొద్దు. కీబోర్డ్ మీంచి చేతులు తీసి ఒక గ్లాసు నీళ్లు తాగండి. మీ డేటా ఎక్కడికీ పోలేదు, రాస్తున్నా ఆగండి.

కాజీపేట_కేబుల్
సోమవారం, రాత్రి 12:04

ఆ పీవీఈ (అంటే ప్రాక్స్‌మాక్స్) ఫోల్డర్ డిస్క్ మీద ఉన్న మామూలు ఫోల్డర్ కాదు. పీవీఈ-క్లస్టర్ అనే సర్వీస్ ఒక చిన్న డేటాబేస్ ఫైల్‌లోంచి చదివి దాన్ని ఫోల్డర్‌లా చూపిస్తుంది. అసలు ఫైల్ వార్ కింద లిబ్‌లో, పీవీఈ-క్లస్టర్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ డాట్ డీబీ అని ఉంటుంది. సర్వీస్ లేవకపోతే ఫోల్డర్ ఖాళీగా కనపడుతుంది, అంతే. దుకాణం షట్టర్ వేసి ఉంటే సామాను పోయినట్టు కాదు కదా. ఆ సర్వీస్ లేకపోతే వీఎంలు లేవవు, వెబ్ పేజీ సరిగ్గా రాదు. మీరు చెప్పినవన్నీ దాని లక్షణాలే. వీఎంల డిస్కులు వేరే ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు.

ఒక్క మెషీనే ఉన్నా, క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) లేకపోయినా ఈ సర్వీస్ ఉండాల్సిందే. అది లేవాలంటే దానికి ఒక చిన్న కోరిక: సర్వర్ తన పేరు తాను అడిగితే 127 తో మొదలవ్వని నిజమైన ఐపీ రావాలి. ఆ సంగతి ఈటీసీ కింద హోస్ట్స్ ఫైల్‌లో ఉంటుంది.

"జర్నల్‌సీటీఎల్ డ్యాష్ యూ పీవీఈ-క్లస్టర్" కొట్టండి. లూప్‌బ్యాక్ (ఆ 127 రకం, తనతో తాను మాట్లాడుకునేది) కాని ఐపీ దొరకలేదు అన్న మాట కనపడుతుంది. ఇప్పుడు నిజం చెప్పండి, హోస్ట్స్ ఫైల్ ముట్టుకున్నారా?

హన్మకొండ_బైట్
సోమవారం, రాత్రి 12:10

ముట్టుకున్నాను అన్నా. పదిన్నరప్పుడు ఒక వీడియోలో డెబియన్ అనే లినక్స్‌లో నెట్‌వర్క్ పోతే హోస్ట్స్‌లో సర్వర్ పేరుకి 127.0.1.1 పెట్టమన్నాడు, పెట్టాను. అప్పుడు ఏ తేడా కనపడలేదు కాబట్టి చెప్పలేదు. మీరన్న ఎర్రర్ అక్షరం పొల్లు పోకుండా ఉంది.

సిస్టమ్_తాత
సోమవారం, రాత్రి 12:13

వీడియో ఆయనది పూర్తి తప్పు కాదు, మామూలు డెబియన్‌లో 127.0.1.1 అనేది ఉన్న పద్ధతే. ప్రాక్స్‌మాక్స్ డెబియన్ మీదనే కట్టారు కానీ దీనికి అది పడదు. అప్పుడు తేడా కనపడకపోవడానికి కారణం, సర్వీస్ అప్పటికే లేచి నడుస్తున్నది. పడుకుని లేస్తేనే కదా పేరు అడిగేది. అందుకే రీబూట్ చేయమన్నది. పొద్దున ఏడింటికి కరెంటు పోయి ఇది బయటపడితే ఎట్లుండు?

ఆ లైనులో 192.168.1.10 పెట్టు, వెనక పూర్తి పేరు, చిన్న పేరు రెండూ ఉండాలె. మళ్లీ రీబూట్.

హన్మకొండ_బైట్
సోమవారం, రాత్రి 12:26

అన్నీ వచ్చాయి. మూడు వీఎంలూ వాటంతటవే లేచాయి. విండోస్‌లోకి పోయి శనివారం రిపోర్టు ఒకటి తెరిచి చూశాను, ఉంది. ఇంకోసారి రీబూట్ చేసి మళ్లీ చూశాను, బాగానే ఉంది. టీవీ గోడకి తగిలించి ఇంటికి పోతున్నా. ఇప్పుడు ఏం దొరకదు, కాజీపేట స్టేషన్ దగ్గర చాయ్ ఒక్కటే గతి.

కాజీపేట_కేబుల్
సోమవారం, రాత్రి 12:30

మా ఏరియాకే వస్తున్నారు, నేను పడుకున్నా, లేపొద్దు.

ల్యాబ్_అక్క
సోమవారం, ఉదయం 9:15

రాత్రి చర్చ మొత్తం ఇప్పుడు చదివాను, సీరియల్‌లా ఉంది. మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాది కూడా ఇంచుమించు ఇలాంటిదే. మా కాలేజీ ల్యాబ్‌లో పిల్లల కోసం ఉబుంటు (ఇంకో లినక్స్) టెంప్లేట్ ఒకటి చేసి 30 వీఎంలుగా క్లోన్ (నకళ్లు) చేశాను. మ్యాక్ అడ్రసులు (ఒక్కో నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబర్లు) చూస్తే అన్నీ వేరే వేరే. అయినా డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సర్వీస్) నుంచి అందరికీ ఒకే ఐపీ వస్తోంది! ఒకరు లాగిన్ అయితే ఇంకొకరిది తెగిపోతోంది. పిల్లలు నా మీద జోకులు మొదలుపెట్టారు.

రామగుండం_రూట్
సోమవారం, ఉదయం 9:48

మేడమ్, మ్యాక్ తప్పు కాదు. ఈ కాలం ఉబుంటు సర్వర్ డీహెచ్‌సీపీ అడిగేటప్పుడు మ్యాక్ చూపించదు, ఈటీసీలో ఉన్న మెషీన్-ఐడీ నుంచి తయారైన గుర్తు చూపిస్తుంది. క్లోన్ చేస్తే ఆ ఫైల్ కూడా అలాగే దిగింది కాబట్టి మీ డీహెచ్‌సీపీ సర్వర్ దృష్టిలో 30 మందీ ఒక్క మనిషే. టెంప్లేట్‌లో మెషీన్-ఐడీ ఫైల్‌ని డిలీట్ చేయకుండా లోపల ఉన్నది మాత్రం తుడిచి సున్నా సైజు చేసి షట్‌డౌన్ చేసి అప్పుడు క్లోన్ చేయండి, మొదటిసారి లేచినప్పుడు ఎవరిది వాళ్లు తయారు చేసుకుంటారు. ఉన్న 30 తీసేసి మళ్లీ చేయలేకపోతే నెట్‌ప్లాన్ అనే ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్‌లో "డీహెచ్‌సీపీ ఐడెంటిఫయర్: మ్యాక్" అని ఒక లైను రాసినా చాలు.

బైట్ తమ్ముడి కథ చదివితే నాది గుర్తొచ్చింది. నేను పనిచేసే చోట ఒక సర్వర్‌కి రెండో ఐపీ కావాలంటే హడావుడిలో "ఐపీ అడ్రస్ యాడ్" అని కమాండ్ కొట్టి ఇచ్చేశాను, ఫైల్‌లో తర్వాత రాద్దాంలే అనుకున్నా. ఎనిమిది నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఎండాకాలం ఒక రాత్రి యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసి సర్వర్ రీబూట్ అయింది, ఆ ఐపీ మాయం. నేను ఊళ్లో పెళ్లిలో ఉన్నా. ఎనిమిది నెలల కింద ఏం కొట్టానో పెళ్లి పందిట్లో నిలబడి గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది.

జమ్మికుంట_జుగాడ్
సోమవారం, ఉదయం 10:20

అందరూ మంచి మూడ్‌లో ఉన్నారు కాబట్టి నాదీ అడుగుతా. ల్యాప్‌టాప్‌లో ప్రాక్స్‌మాక్స్ వేసుకున్న, నేర్చుకోవడానికి. ఇంట్లో కేబుల్ లేదు, వైఫై ఒక్కటే. బ్రిడ్జ్ పోర్ట్‌లో వైఫై కార్డు పేరు రాస్తే వీఎంలకి నెట్ రావట్లేదు.

కాజీపేట_కేబుల్
సోమవారం, ఉదయం 10:41

రాదు కూడా. వైఫై రౌటర్ దగ్గర పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వచ్చింది మీ ల్యాప్‌టాప్ మ్యాక్ ఒక్కటే. బ్రిడ్జ్ వెనక నుంచి వీఎం తన సొంత మ్యాక్‌తో ఫ్రేమ్ పంపితే "నువ్వెవరు" అని రౌటర్ పారేస్తుంది. కేబుల్‌లో ఈ పట్టింపు లేదు. వైఫై మీద అయితే బయటి పోర్ట్ లేకుండా ఒక బ్రిడ్జ్ చేసి, 10.10.10.1 లాంటి వేరే నెట్‌వర్క్ ఇచ్చి, ఐపీ ఫార్వర్డింగ్ 1 చేసి, మాస్కరేడ్ రూల్ రాయండి. వీఎంలన్నీ ల్యాప్‌టాప్ ఐపీ కప్పుకుని బయటికి పోతాయి. నేర్చుకోవడానికి అది చాలు. లేదంటే ఒక పది మీటర్ల కేబుల్ కొనుక్కోండి, రోజంతా మిగులుతుంది.

హన్మకొండ_బైట్
సోమవారం, మధ్యాహ్నం 2:05

సెంటర్ ఏడింటికే తెరిచారు, ఎవరికీ ఏమీ తెలియలేదు. టీవీ కొంచెం వంకరగా ఉందని మాత్రం అడిగారు.

ఒక సందేహం. రేపు ఇంకో కార్డు పెడితే మళ్లీ 5 అవుతుందా? ప్రతిసారీ టీవీ దించలేను.

సిస్టమ్_తాత
సోమవారం, సాయంత్రం 4:30

అయితే అవుతది. పేరుని మ్యాక్‌కి కట్టేసేయ్. ఈటీసీ, సిస్టమ్‌డీ, నెట్‌వర్క్ ఫోల్డర్‌లో 10 తో మొదలయ్యే పేరు పెట్టి డాట్ లింక్ ఫైల్ ఒకటి రాయి. మ్యాచ్ కింద ఆ కార్డు మ్యాక్ అడ్రస్, టైప్ ఈథర్. లింక్ కింద నేమ్, నీకు నచ్చిన పేరు. టైప్ ఎందుకంటే బ్రిడ్జ్ కూడా మామూలుగా కార్డు మ్యాక్‌నే వేసుకుంటది, గందరగోళం వద్దు. పేరు ఈఎన్ తోనో ఈటీహెచ్ తోనో మొదలుపెట్టు, లేకపోతే వెబ్ పేజీ దాన్ని అసలు కార్డుగా గుర్తుపట్టదు. నేనైతే ఈఎన్‌ల్యాన్0 అని పెట్టుకుంటా. తర్వాత ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో కూడా అదే పేరు రాసి, ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ (సర్వర్ లేచేటప్పుడు మొదట చదివే ఫైల్) అప్‌డేట్ చేసి రీబూట్. 2025 ఆగస్టులో వచ్చిన 9 వెర్షన్‌లో అయితే ఈ పని చేసిపెట్టే టూల్ దాంతోపాటే ఇచ్చారు, నువ్వు 8 మీద ఉన్నవ్, చేత్తో చేసుకో.

కాజీపేట_కేబుల్
సోమవారం, సాయంత్రం 5:12

ఇక్కడ తాతతో నేను ఒప్పుకోను. ఒక్క కార్డు ఉన్న సర్వర్‌కి ఇది అవసరమా? రేపు బోర్డు పోయి కొత్తది వేస్తే మ్యాక్ మారుతుంది, అప్పుడు ఆ లింక్ ఫైల్ ఉందన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? 3 ని 4 చేయడం ఒక నిమిషం పని. దానికంటే ఒక పాత వీజీఏ మానిటర్‌కి సరిపోయే కన్వర్టర్ కొని సర్వర్ పక్కన పెట్టుకోవడం మేలు.

సిస్టమ్_తాత
సోమవారం, సాయంత్రం 5:20

ఒక నిమిషం పనే. ఆ నిమిషం కోసం నిన్న రాత్రి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది.

కాజీపేట_కేబుల్
సోమవారం, సాయంత్రం 5:23

అందులో పేరు మారినందుకు పట్టింది గంటన్నర లోపే తాతా, అందులో అరగంట టీవీ దించడానికి. మిగతాదంతా ఆ వీడియోకి, ఆ యూఎస్‌బీ అడాప్టర్‌కి.

రామగుండం_రూట్
సోమవారం, సాయంత్రం 6:02

ఇద్దరిదీ కరెక్టే కానీ నాలుగు పోర్టుల కార్డు ఉంటే మాత్రం తాత చెప్పినట్టు కట్టేయాల్సిందే. మా దగ్గర ఒకసారి పేర్లు జరిగి, స్టోరేజ్‌కి పోయే కేబుల్ ఇంటర్నెట్ బ్రిడ్జ్‌లో పడింది. స్టోరేజ్ వైపు ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000, ఇటు స్విచ్‌లో 1500. చిన్న పింగులన్నీ పోతున్నాయి, లాగిన్ అవుతోంది, పెద్ద ఫైల్ కాపీ పెడితే మాత్రం అక్కడే నిలబడిపోతోంది. పింగ్ వస్తోంది కదా అని నెట్‌వర్క్‌ని అనుమానించకుండా డిస్కులు చెక్ చేస్తూ ఒక పూట పోయింది. "డ్యాష్ ఎం డూ, డ్యాష్ ఎస్ 8972" పెట్టి పింగ్ కొడితే అప్పుడు దొరికింది. 9000 లోంచి 28 తీసేస్తే 8972, మామూలు 1500 కి అయితే 1472. ఆ 28 లో ఐపీ హెడర్ 20, పింగ్ వాడే ఐసీఎంపీది 8.

ల్యాబ్_అక్క
మంగళవారం, మధ్యాహ్నం 12:40

మెషీన్-ఐడీ తుడిచి మళ్లీ క్లోన్ చేశాను, 30 కి 30 వేర్వేరు ఐపీలు వచ్చాయి. రూట్ గారికి థ్యాంక్స్. జోకులు ఆగలేదు కానీ కారణం మారింది.

హన్మకొండ_బైట్
బుధవారం, రాత్రి 8:55

తాత చెప్పిన లింక్ ఫైల్ ఈరోజు సెంటర్ మూసేశాక రాశాను. మొదటిసారి పేరు మారలేదు, ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ అప్‌డేట్ చేయడం మర్చిపోయాను, అది చేసి రీబూట్ చేస్తే ఈఎన్‌ల్యాన్0 అని వచ్చింది. కేబుల్ అన్న చెప్పిన కన్వర్టర్ కూడా కొని సర్వర్ పైన టేప్‌తో అంటించాను. క్యాబినెట్ తలుపు లోపల ఒక కాగితం అతికించి, మూడు ఐపీలు, మ్యాక్ అడ్రస్, లింక్ ఫైల్ ఎక్కడుందో, హోస్ట్స్‌లో ఏ లైను ముట్టుకోకూడదో రాశాను. కింద తేదీ కూడా వేశాను.

బ్యాకప్ వీఎం అదే సర్వర్‌లో ఉండటం గురించి మొదట్లోనే అన్న తిట్టాడు, అది మర్చిపోలేదు. ఓనర్‌తో మాట్లాడాను. వేరే చిన్న బాక్స్ కొందాం అన్నారు, కానీ దసరా తర్వాతనట.

సిస్టమ్_తాత
బుధవారం, రాత్రి 9:10

అప్పటిదాకా పాత ఎక్స్‌టర్నల్ డిస్క్ ఏదన్నా ఉంటే దాంట్లోకి వారానికోసారి కాపీ తీసి నీ ఇంట్లో పెట్టుకో. యూఎస్‌బీకి పెడితే నెట్‌వర్క్ పేరు మారదు, భయపడకు.